నొప్పి తెలియని సూది

“షుగరు ఎక్కువుందమ్మా. రోజుకు నాలుగుసార్లు వేలు గుచ్చి చూసి, పుస్తకంలో రాయండి. నేను చెప్పిన అంకె దాటితే ఇన్సులిన్ మొదలుపెట్టాలి. లేదంటే బిడ్డకు ప్రమాదం” అంది డాక్టరమ్మ.

చిట్టికి అప్పుడు ఆరో నెల. పెళ్లయిన ఏడేళ్లకు నిలిచిన కడుపు.

ఇంట్లో మొదటి సూదికే కళ్లు తిరిగి పడిపోయింది. రెండో రోజు ఏడ్చి ఏడ్చి వెక్కిళ్లు పెట్టింది. మొగుడు సెల్‌ఫోన్లు బాగుచేసేవాడు. ఆమె కంట్లో నీళ్లు చూస్తే అతనికి ముద్ద దిగదు. బిడ్డ దక్కితే చాలని ఆమె, ఆమె ఏడవకుంటే చాలని అతను.

మూడో రోజు “ఇటు చూడకు. కళ్లు మూసుకో” అన్నాడు.

ఆమె గట్టిగా మూసుకుంది. వేలికి తడి దూది తగిలింది. టక్‌మని చప్పుడైంది.

“అయిపోయిందా? అస్సలు తెలియలేదండీ!”

“మరేమనుకున్నావ్ నన్ను?”

అప్పట్నుంచి షుగరు చూసే మీటరు, పుస్తకం అతనివే. మధ్యాహ్నం కూడా పని వదిలి పరుగెత్తుకొచ్చేవాడు. పథ్యమూ ఇద్దరికీ ఒకటే. ఆమెకు రెండు రొట్టెలైతే తనకూ రెండే, ముక్క ఎక్కువ ముట్టడు. టీలో చక్కెర మానేశాడు. అల్లుడు బంగారమని చిట్టి తల్లి కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుంది.

దుకాణంలో చిన్న మరలు చేతిలోంచి జారిపోతుంటే యజమాని నవ్వాడు. “ఆవిడకు నెలలు నిండుతుంటే వేవిళ్లు నీకొచ్చాయేంట్రా?”

పుస్తకం చూసి డాక్టరమ్మ మురిసిపోయింది. “ఎనభై ఎనిమిది, తొంభై, నూటపది... భేష్! ఇన్సులిన్ అక్కర్లేదు. స్కానింగులో బిడ్డే కాస్త బొద్దుగా ఉంది, నాన్న పోలికేమో.”

తొమ్మిదో నెలలో ఒక ఉదయం బిడ్డ కదలడం మానేసింది.

నాలుగున్నర కిలోల ఆడపిల్ల. కొన్న చొక్కా ఏదీ పట్టలేదు. లోపల చిట్టికి ఇంకా మత్తు దిగలేదు, లేవగానే ఏం చెప్పాలో ఎవరికీ తెలియదు.

డాక్టరమ్మ పుస్తకాన్ని మళ్లీ మళ్లీ తిరగేసింది.

“ఇక్కడ చూస్తే తల్లికి రెండొందల ఎనభై ఉంది. ఇందులో ఒక్క అంకె కూడా తేడాగా లేదు. మీ మీటరు ఎప్పుడు పాడైందో ఏమో బాబూ, అదే మనల్ని ముంచింది.”

“మీటరు మంచిదే డాక్టర్ గారూ, ఇద్దరం తినేది ఒకటే కదా, ఎవరి వేలైతేనేం అనుకున్నాను” అంటూ అతను సూది పోట్లతో నల్లబడ్డ తన పది వేళ్లూ ఆమె ముందు చాచాడు.