రెండు సెకన్ల పని

అడిగేవి మూడే ప్రశ్నలని లాయర్ ముందే చెప్పాడు. మూడింటికీ ఉన్నదున్నట్టు చెబితే చాలన్నాడు. ఒక్క అబద్ధం కూడా ఆడక్కర్లేదు.

అది నిజమే. అందుకే వారం రోజులుగా ఇన్‌సుక్‌కు అన్నం సయించలేదు.

కొరియాలోని మొక్పో రేవు దగ్గర వలలమ్మే దుకాణం పైన, మూడో అంతస్తులో, ఆమె ముప్పై ఏళ్ళుగా జూడో నేర్పుతోంది. బుధవారం మధ్యాహ్నాలు ఆడవాళ్ళకు మాత్రమే. చేపల మార్కెట్‌వాళ్ళు, నర్సులు, కాలేజీ అమ్మాయిలు వచ్చేవాళ్ళు. వెనక నుంచి మెడ పట్టుకుంటే ఎలా విడిపించుకోవాలో, ఎక్కడ తన్నాలో చూపించేది. అన్నిటికంటే ముందు గట్టిగా అరవమనేది. అరిచే ఆడదాని జోలికి ఎవడూ రాడనేది. ఒంటరిగా నడిచేటప్పుడు తాళంచెవి వేళ్ళ మధ్య బిగించి పట్టుకోమనేది.

"చేపలు కోసే కత్తి సంచిలో ఉండగా నాకు తాళంచెవి దేనికి టీచర్?" అని ఒకావిడ అంటే గదంతా నవ్వేది.

వాళ్ళందరిలో హేరిమ్ వేరు. పక్క వీధిలో నాచురేకుల్లో అన్నం చుట్టి అమ్మే మిసున్ కూతురు. తొమ్మిదేళ్ళప్పుడు చేరింది. పదహారేళ్ళకే నల్ల బెల్టు కట్టింది. ఆ ఏడు రేవు ఉత్సవంలో ఎనభై కిలోల పోలీసును వేదిక మీద ఎత్తి పడేసింది. పత్రికలో వచ్చిన ఆ ఫోటోకు ఇన్‌సుక్ ఫ్రేము కట్టించి గోడకు తగిలించింది.

ఇప్పుడా ఫోటో లాయర్ చేతిలో ఉంది.

పోయిన అక్టోబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆ మూడో అంతస్తులోనే, హేరిమ్ మీద అత్యాచారం జరిగింది. ముద్దాయి బయటివాడు కాదు. అతనూ ఇన్‌సుక్ దగ్గర నేర్చుకున్నవాడే. చిన్నప్పటి నుంచి ఇద్దరూ ఒకే చాపల మీద పడి లేచినవాళ్ళు. హేరిమ్ అతన్ని అన్నా అని పిలిచేది.

తను అరవలేదని, తన్నలేదని, గోడ గడియారం వైపు చూస్తూ ఉండిపోయానని ఆ అమ్మాయి పోలీసులకు చెప్పింది. మధ్యలో తలుపు తెరుచుకుందని, ఎవరో కాసేపు నిలబడి వెళ్ళిపోయారని కూడా చెప్పింది. ఆ ఎవరో ఎవరన్నది తేలలేదు. అసలు అలాంటి మనిషే లేరని ముద్దాయి తరఫున లాయర్ వాదన.

ఇరవై ఏళ్ళుగా అక్కా అక్కా అంటూ తిరిగిన మిసున్, ఆ రోజు తరవాత ఇన్‌సుక్‌తో ఒక్క మాట మాట్లాడలేదు. మార్కెట్లో ఆడవాళ్ళు ఆమె వస్తుంటే మాటలాపేసేవాళ్ళు. బుధవారం క్లాసుకు ఒక్కొక్కరే మానేశారు.

కోర్టులో, ఇష్టం లేకపోతే సాక్ష్యం చెప్పక్కర్లేదని న్యాయమూర్తి ఆమెకు రెండుసార్లు చెప్పారు. చెబుతానని ఇన్‌సుక్ తలూపింది.

లాయర్ ఫోటో చూపించాడు. ఈ అమ్మాయి ఎనభై కిలోల మగవాణ్ణి పడేయగలదా అని అడిగాడు. పడేయగలదంది. ఎంతసేపట్లో? రెండు సెకన్లు. ఇష్టం లేని చెయ్యి మీద పడితే ఏం చెయ్యాలో మీరు నేర్పారా? పద్నాలుగేళ్ళు నేర్పానంది.

ఇక చాలు, దిగవచ్చన్నాడు లాయర్. ఆమె దిగలేదు. ఒక్క మాట చెప్పనివ్వమని న్యాయమూర్తిని అడిగింది.

"ఫోటోలో పోలీసు నేను సైగ చేస్తే మీదికొచ్చాడండీ. వస్తాడని ఆ పిల్లకు తెలుసు. ఇన్నేళ్ళూ నేను దానికి చీకటి సందులో ఎదురయ్యే ఊరూ పేరూ లేనివాణ్ణే చూపించాను. పక్కన కూర్చుని అన్నం తిన్నవాడు మీదికొస్తే ఏం చెయ్యాలో నాకే తెలీదు. దానికేం చెప్తాను?"

లాయర్ లేవబోయాడు. న్యాయమూర్తి చెయ్యెత్తి ఆపారు.

"తలుపు తీసింది నేనే" అంది ఇన్‌సుక్.

ఆ ఆదివారం కళ్ళజోడు మర్చిపోయి వెనక్కి వచ్చింది. తలుపు తోసింది. అతని వీపు కనిపించింది. భుజం మీదుగా హేరిమ్ కళ్ళు కనిపించాయి. అరుద్దామనుకుంది. కాళ్ళు కదపాలనుకుంది. ఎంతసేపు అలా నిలబడిపోయిందో తెలియదు. ఆ తరవాత కాళ్ళు వాటంతటవే మెట్లు దిగాయి. బస్ స్టాపులో కూర్చుని, వచ్చిన బస్సునల్లా వదిలేస్తూ సాయంత్రం దాకా ఉండిపోయింది. నాలుగు నెలలుగా ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"నాది ఐదో శ్రేణి నల్ల బెల్టు. నా మీద ఎవరూ చెయ్యి కూడా వెయ్యలేదు. అయినా గొంతు పెగల్లేదు. అరవకపోతే ఒప్పుకున్నట్టే అంటున్నారుగా. మరైతే నేనూ ఒప్పుకున్నట్టేనా అండీ?"

లాయర్ ఫోటోను బల్ల మీద బోర్లా పెట్టాడు.

ఇన్‌సుక్ దిగి వెనక బెంచీ దాకా నడిచింది. అక్కడ మిసున్ పక్కన హేరిమ్ కూర్చుని ఉంది. ఇన్‌సుక్ మోకాళ్ళ మీద కూలబడి, నుదురు నేలకు ఆనించింది.

"మీరేనని నాకు ఆ రోజే తెలుసు టీచర్" అంది హేరిమ్.

మిసున్ కూతురి వైపు చూసింది. ఆ పిల్ల పోలీసులకు మూడుసార్లు వాంగ్మూలం ఇచ్చింది. మూడుసార్లూ ఎవరో అనే చెప్పింది.

ఇన్‌సుక్ బెంచీ అంచు పట్టుకుని లేచింది. బయటికి వెళ్ళబోయి, వెనుదిరిగి ముద్దాయి కుర్చీ దగ్గరికి నడిచి, ఎవరూ వారించేలోగా, వంగి కొడుకు చొక్కా కాలరు సరిచేసింది.