మగముడి

గెంజో ముడి పోగొట్టుకున్నది ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజున. సంచి మూతి కట్టబోతే తాడు కొసలు రెండూ చేతుల్లో ఊరికే ఉండిపోయాయి. యాభై ఏళ్లు తోటపని చేసిన చేతులవి. తలలో నరం చిట్లినప్పుడు ఇంకా ఏవేవో పోయాయిగానీ, వాటి గురించి అతను బెంగపడలేదు. వెదురుని తాడుతో బిగించే మగముడి రానివాడు మాలి కాడు, అంతే.

ఇవాళ పొద్దుట్నుంచీ అతనికి కాలు నిలవడం లేదు. సముద్రం మీద ఉరుముతోంది. సాయంత్రానికల్లా మంచు పడుతుందని కనజవా రేడియో చెప్పింది. వాకిట్లో కమేలియా పొదకి ఇంకా గడ్డిచాప చుట్టలేదు. చలికాలంలోనూ ఆకు రాల్చని పొద అది. ఆకుల మీద మంచు పేరుకుంటే ఆ బరువుకి కొమ్మలు మొదలంటా చీలిపోతాయి.

"కురాతాకి కబురు పెట్టనా? మీ శిష్యుడే కదా, గంటలో కట్టేసి పోతాడు," అంది మిత్సు.

"నా వాకిట్లో వాడు కట్టాడంటే రేపట్నుంచి నా కత్తెర కూడా వాడిదే. నువ్వు కట్టు. నేను చెబుతాను."

"భార్యని శిష్యురాల్ని చేస్తారా ఈ వయసులో!"

నేల గడ్డకట్టేలోపు వేళ్లు తాగాలని ముందు పొద మొదట్లో నీళ్లు పోయించాడు. తను కొమ్మల్ని కింది నుంచి పైకి ఎత్తిపట్టుకున్నాడు. మిత్సు చుట్టూ మూడు వెదురుగడలు నిలబెట్టి, చాప చుట్టి, తాడు అందుకుంది.

"తాడు తడిగా ఉందేం?"

"బకెట్లో పడిపోయిందండీ."

"అదృష్టవంతురాలివే. నానిన తాడే బిగుస్తుంది. ఊఁ, కానీ."

ఆమె ముడి వేసింది. అతను వేలితో లాగాడు. జారిపోయింది.

"ఇదేం ముడే, మిఠాయిపొట్లానికా? కుడి కొస కిందుగా పోవాలి."

రెండోసారి ఇంకో రకంగా తప్పింది.

"కిందుగా అంటే పైనుంచి తెస్తావేం? మగముడి ఆడవాళ్ల చేతికి పట్టుబడదని ఊరికే అన్నారా!"

"నాకేం తెలుసు? అన్నం వండమంటే వండుతాను. ఇంతకీ మీకెవరు నేర్పారేమిటి?"

గెంజో ఆగాడు. జ్ఞాపకాల్లో వెతుక్కున్నాడు. ఏమీ దొరకలేదు.

"ఎవరో... మేస్త్రీ అయ్యుంటాడు. వీపు మీద నాలుగు తగిలించి నేర్పుంటాడు."

"అయ్యుంటాడు," అంది మిత్సు, తాడు విప్పుతూ.

మూడోది ఉచ్చే పడలేదు. తొలి మంచురేకు వచ్చి ఆమె చేతి మీద వాలింది. గెంజోకి ఒళ్లు మండిపోయింది.

"ఇలా తే!"

లాక్కున్నాడు. కుడి కొస కిందుగా పోయింది. ఉచ్చు పడింది. రెండో కొస అందులో దూరింది. వెదురుకి మోకాలు తన్నిపెట్టి లాగాడు. తాడు కిర్రుమంది.

అతను తన చేతుల వంక చూసుకున్నాడు. ముడిని వేలితో లాగి చూశాడు. కదల్లేదు. ఇంకోటి వేశాడు. ఆ తర్వాతవి చూడకుండానే వేశాడు, చాప పైఅంచు దాకా.

"చూశావా? ఇదీ మగముడంటే. నువ్వింకో పదేళ్లు నేర్చుకున్నా రాదు."

"రాదు లెండి. పదండి, సూప్ చల్లారిపోతుంది."

మంచు జోరందుకుంది. గెంజో గుమ్మంలో నిలబడి పొద వైపే చూస్తున్నాడు.

యాభై ఏళ్ల కిందట ఆ ముడి తనకి నేర్పింది మిత్సేనని అతనికింకా గుర్తు రాలేదు.