వీరేశం తప్పులు

ఊళ్ళో గొంతు దొంగలు పడ్డాక బెల్లు మోగితే ఎవరూ తలుపు తీయడం లేదు. వాళ్ళ దగ్గరున్న యంత్రం ఏ మొగుడి గొంతునైనా అచ్చంగా దింపేస్తుంది. ఇంగ్లీషు తప్పుగా మాట్లాడటం మాత్రం దానికి చేతకాదు. అందుకే హనుమకొండ అపార్ట్‌మెంట్లలో కొత్త కట్టుబాటు వచ్చింది. బయట నిలబడ్డవాళ్ళు ఇంగ్లీషులో ఒక మాట చెప్పాలి. తప్పు దొర్లితే మనిషి, దొర్లకపోతే యంత్రం.

సులోచన ఇంగ్లీషు టీచరు. బడి పిల్లలందరికీ టెన్సులు దిద్దింది గానీ మొగుడు వీరేశానికి దిద్దలేకపోయింది. ఇప్పుడు అతని తప్పులే ఇంటికి తాళం. రోజూ "ఐ యామ్ కమింగ్ ఎస్టర్‌డే" అంటాడు, ఆమె నవ్వుకుంటూ గడియ తీస్తుంది.

ఆ సాయంత్రం మాత్రం, "ఐ హావ్ కమ్ హోమ్, సులోచనా" అని వినబడింది.

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. "ఎవర్రా నువ్వు?"

"నేనేనే! నువ్వు సంబరపడ్తవని, నీకు తెల్వకుండ క్లాసుకు పోయి నేర్చుకున్న."

"యంత్రం గూడ గట్లనే అంటది. తలుపుకున్న పాల ప్యాకెట్ల కంతల చెయ్యి పెట్టు."

లోపలికి వచ్చిన చేతికి, దుకాణం షట్టర్ పడి చీలిన బొటనవేలి గోరు ఉంది. అది చూశాకే ఆమె తలుపు తీసింది.

"ఎవడు నేర్చుకొమ్మన్నడు నిన్ను? రేపటి సంది నీ పాత ఇంగ్లీషే మాట్లాడు. మనకు అదే దిక్కు."

వీరేశం చిన్నబోయి కూర్చుని చాయ్ గ్లాసు అందుకున్నాడు. ఆమె గడియ పెట్టి ఇటు తిరిగిందో లేదో, మళ్ళీ బెల్లు మోగింది.

"సులోచనా, ఐ యామ్ కమింగ్ ఎస్టర్‌డే."

గొంతు వీరేశానిదే. తప్పు కూడా వీరేశానిదే. వీరేశం మాత్రం ఎదురుగా కూర్చుని, నోటిదాకా తెచ్చిన గ్లాసును అలాగే పట్టుకుని ఆమెను చూస్తున్నాడు.