కొత్త బండికి పాత ఇంజిన్

"ఈసారి కూడా ఎలుకే సార్," అన్నాడు షోరూం ఇంజనీరు, లాప్‌టాప్ మూస్తూ.

తాతాజీకి ఒళ్లు మండిపోయింది. నెల తిరక్కుండా బండిని తాడు కట్టి లాక్కురావడం ఇది మూడోసారి. యాక్సిలరేటర్ పెడల్ కింద సన్నటి వైరొకటి ఉంటుంది. అది తెగితే కాలితో ఎంత తొక్కినా కంప్యూటరుకి కబురందదు. దానికి కబురందకపోతే ఇంజిన్ ఉలకదు, పలకదు. ఇంత బండీ చేసి, దాని ప్రాణం తీసుకెళ్లి దారప్పోగుకి కట్టారేమిటి వీళ్లు!

తాతాజీది తుని. అల్వాల్‌లో కాపురం. మాదాపూర్‌లో కొత్తగా లేచిన సాఫ్ట్‌వేర్ కంపెనీ క్యాంటీనుకి రోజూ పొద్దున్నే ఇడ్లీపిండి, పెరుగు సరఫరా చేస్తాడు. ఆ ధీమాతోనే పాత జీపుని పెరట్లో మూలకి నెట్టి ఈ పికప్ కొన్నాడు. వెన్నలా నడుస్తుంది. గేటు ముందు ఆగినా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ సంగతి కనపడ్డవాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడు.

ఇప్పుడా మురిపెం కాస్తా తీరిపోయింది. "ఇంకోసారి లేటయితే వేరేవాళ్లని చూసుకుంటాం," అని క్యాంటీను మేనేజరు ముఖం మీదే చెప్పేశాడు. ఆ కాంట్రాక్టు పోతే ఇల్లు గడవదు.

రెండోసారి తెగినప్పుడే ఎలకల బోను కొన్నాడు. అందులో కొబ్బరుండ పెట్టి, పెడల్ పక్కనే ఉంచాడు. తెల్లారి చూస్తే కొబ్బరుండ లేదు, ఎలుకా లేదు. వైరు మాత్రం మళ్లీ రెండు ముక్కలైంది.

"ఇంత తెలివైన ఎలకల్ని మన ఊళ్లో కూడా చూళ్లేదమ్మా," అన్నాడు తల్లితో, తల పట్టుకుని.

రాజులమ్మ కొడుకు వీపు నిమిరింది.

"పట్నం ఎలకలు కదరా నాయనా, సదువుకున్నాయి. నా మాటినుకో. ఆ కంప్యూటరు పీకించేసి, మన జీపు ఇంజిను దీనికి పెట్టించెయ్యి. దానికి వైర్లూ లేవు, వల్లకాడూ లేదు. అప్పుడేటి కొరుకుతాయో సూద్దాం!"

అమ్మకి ఇంత బుర్ర ఉందని తాతాజీకి అప్పుడే తెలిసింది. తిన్నగా రాంగోపాల్‌పేట్‌లో మెకానిక్ సైలస్ దగ్గరికి వెళ్లాడు.

"ఏందన్నా, గిట్లంటవ్?" అని నవ్వాడు సైలస్. "అందరూ పాతది తీసి కొత్తది పెట్టిచ్చుకుంటరు. నువ్వు ఉల్టా వచ్చినవ్."

"అవుద్దా, అవదా?"

"జెర తక్లీఫ్ ఉంటది గానీ అయితది. ఆ ఇంజినుకి డీజిలు, గాలి ఉంటే చాలు. కాకపోతే చప్పుడు మస్తుంటది. గల్లీ మొత్తం లేస్తది."

"లేవనీ!"

వారం పట్టింది. తాతాజీ ఆ వారమంతా అద్దె ట్రాలీలో పిండి తోలాడు. జీపు ఇంజిన్ పికప్‌లో కూర్చోనని మొండికేసింది. సైలస్ పట్టీలు కోసి, వెల్డింగ్ చేసి, బూతులు తిట్టి, ప్రార్థన చేసి, మొత్తానికి కూర్చోబెట్టాడు. పెడల్‌కి గట్టి ఇనప కేబుల్ బిగించాడు. కంప్యూటరుని ఊడబీకి తాతాజీ చేతిలో పెట్టాడు.

తాళం తిప్పగానే ధడధడమంటూ షెడ్డు రేకులు అదిరాయి. తాతాజీ ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు క్యాంటీనుకి అరగంట ముందే చేరాడు. ఆ మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి మేనేజరు తనే పిలిచి, కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించాడు. తాతాజీ ఆనందం పట్టలేక ఆ సాయంత్రం ఇంటికి తొందరగా బయల్దేరాడు.

వీధి మొదట్లో ఆ ధడధడ వినపడగానే, షుగరని కొడుకు తీపి మాన్పించేసిన రాజులమ్మ తాపీగా మూతి తుడుచుకుని, మైసూరుపాకు పొట్లాన్ని బియ్యం డబ్బాలో దాచేసి, మూడుసార్లు వైరు కత్తిరించిన అడకత్తెరతో వక్క ముక్కలు చేసుకుంటూ అరుగు మీద కూర్చుంది.