తేలికైన తుపాకీ

మా ఆయన చేతిలో తుపాకీ అవసరానికి పేలకపోతే ఎలా అన్నదే నా పెద్ద భయం.

సైన్యానికి కొత్త తుపాకీ ఎంచడం కోసం రెండు రకాలు కాల్చి చూసి, ఏది మేలో రాసిచ్చే సిపాయిల్లో ఆయనొకరు. సెలవుకొచ్చినప్పుడు అడిగాను.

"ఏది బాగుందండీ?"

"తేలికైనదే. కాస్త దుమ్ము పడితే మొరాయిస్తుందనుకో."

"మరి బరువుది?"

"బురదలో ముంచినా పేలుతుంది."

"అదే బాగుందని రాయొచ్చుగా మహానుభావా?"

"మోసేది నువ్వా?"

"మీ సుపుత్రుణ్ణి రోజంతా మోస్తున్నా. కాసేపు మీరు పట్టండి."

నవ్వుతూ ఎడమచేత్తో అందుకున్నారు. కుడిచెయ్యి భుజందాకా లేవలేదు.

తేలికదాని మీద మోజెందుకో అప్పుడర్థమైంది.

"డాక్టరుకి చెప్పలేదా?"

"చెబితే ఇంటికి పంపేస్తారే."

నిన్న మళ్ళీ వెళ్ళిపోయారు. ఇది చదివేవాళ్ళలో ఎవరైనా అక్కడుంటే, ఆయన కుడిభుజం ఎలా ఉందో ఒకసారి చూడరూ?