గడువు సున్నా

తాండూరు శివార్లలో బండలు పాలిష్ పట్టే మిషన్లు ఆగిపోయి ఊరంతా సద్దుమణిగినా, నిరోషా మాత్రం కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతోంది. ఇంటి నుంచి ఒంటరిగా చేస్తున్న మొదటి నైట్ షిఫ్ట్ మరి! హైదరాబాద్ ఆఫీసులోని పాత సర్వర్ నుంచి కంపెనీ పెద్ద కంప్యూటరైన మెయిన్‌ఫ్రేమ్‌కు రోజూ ఒక ఫైలు రావాలి. పది నిమిషాల్లో సర్వర్ పలకకపోతే ఆ ఫైలు తెచ్చే ప్రోగ్రాం దానంతటదే ఆగిపోతుంది. వారం నుంచి అదే తంతు. అందుకే ఈ రాత్రి ఆమె ఆ గడువును సున్నా చేసింది. సున్నా అంటే ఎంతసేపైనా ఎదురుచూడమని.

రాత్రి రెండు దాటాక సర్వర్ పలికింది. ఫైలు కదిలింది! నిరోషా ఎగిరి గంతేసి, వికారాబాద్‌లో ఉండే సీనియర్ యాకోబుకు ఫోన్ కొట్టింది.

"యాకోబన్నా, నా సెట్టింగ్ పనిచేసింది! ఫైలొస్తున్నది!"

"ఎక్కడికెళ్లి వస్తున్నది?"

"గా పాత సర్వర్‌కెళ్లే!"

అవతల యాకోబు మంచం మీద లేచి కూర్చున్న చప్పుడైంది.

"నీకు చెప్పుడు మర్చిపోయిన. దాని తీగలన్నీ సాయంత్రం నేనే పీకిన. డిస్కులు గిట్ల నా బ్యాగుల ఏసుకొచ్చిన. నా మంచం కిందనే ఉన్నయి."

అతని మాటల వెనక ఏదో సన్నగా గిర్రున తిరుగుతున్న చప్పుడు.

"అన్నా, గా చప్పుడు ఫ్యాన్‌దేనా?"

"కరెంటు పోయి గంటయింది, నిరోషా."

నిరోషా తెర మీద కొత్త వరుస వెలిగింది: ఫైలు పూర్తిగా అందింది. మీ జవాబు కోసం సర్వర్ ఎదురుచూస్తోంది. గడువు: సున్నా.