ఒంటికాలి సైకిలు

కొత్త సైకిలు చక్రాల కింద పెట్టాల్సిన నిమ్మకాయల్ని నూకమ్మ మళ్లీ సంచిలో వేసేసుకుంది.

“ముందు చక్రాన్ని పట్టుకునే కాలు ఓ పక్కే ఉంది. రెండోది ఏదిరా? ఈ షాపోడు నిన్ను దగా సేసినాడు.”

తెలుగు రాని షాపాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. మోహన్‌రాజ్‌కి తల కొట్టేసినట్టయింది. అమ్మ నిమ్మకాయలు తొక్కించనిదే మలేషియాలోని క్లాంగ్‌లో వాళ్లింటి బండి ఏదీ రోడ్డెక్కదు.

“దీని తయారీయే అంత, అమ్మా. స్ప్రింగు ఆ కాల్లోనే ఉంది. గోతులొచ్చినా రాళ్లొచ్చినా అదొక్కటే కాసుకుంటాది.”

“రెండోది నేకుండానే?”

“నేకుండానే.”

“పడిపోదు గదా?”

“ఎందుకు పడతాది? ఒక్కటి గట్టిగుంటే సాలు.”

నూకమ్మ తలూపింది. నొప్పి మోకాలు పట్టుకుని వంగి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. ఒంటరిగా గుడికి నడిచి వెళ్లొద్దని గొడవపడి, పోయిన వారం కొడుకు కొనిచ్చిన చేతికర్రని సైకిలుకి ఆనించింది.

“ఇది దీనికే ఉంచు. రేపట్నుంచి గుడికి నేనొక్కదాన్నే నడిసెల్తాను.”

మోహన్‌రాజ్ సైకిలు ముందు చక్రం వైపు చూసి, కర్ర చేతిలోకి తీసుకుని, బండిని నిమ్మకాయల మీదుగా తోశాడు.